కొత్తగా లారీ ఎక్కిన డ్రైవరుకు డబ్బు లెక్క: ట్రిప్పు అడ్వాన్సు నుంచి నెల జీతం దాకా

క్లీనరుగా నాలుగేళ్లు తిరిగి హెవీ లైసెన్సు తీసుకున్నవాళ్లు, ఆటోనగర్‌లో ఎవరో చెబితే మొదటి బండి ఎక్కబోతున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "చేతిలో ఎప్పుడూ డబ్బు ఆడుతూనే ఉంటుంది, నెలాఖరుకు ఇంటికి మాత్రం ఏమీ మిగలదేంటి?"

కారణం చాలాసార్లు జీతం తక్కువవడం కాదు. లారీ డ్రైవరు జేబులో రెండు రకాల డబ్బు ఉంటుంది: బండిది, తనది. ఈ రెండూ కలిసిపోయిన రోజు నుంచే బాకీ మొదలవుతుంది. సొంత లారీ ఉన్నవాళ్ల లెక్క వేరు. ఇది ఓనరు బండి మీద జీతానికో, ట్రిప్పుకో చేరేవాళ్ల కోసం.

1. బండి ఎక్కకముందు

ముందు లైసెన్సు. ట్రాన్స్‌పోర్టు బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. లైట్ మోటారు లైసెన్సు తీసుకుని ఏడాది దాటితేనే ట్రాన్స్‌పోర్టు లెర్నింగ్‌కు అర్హత వస్తుంది. 2019 సవరణ తర్వాత ట్రాన్స్‌పోర్టు లైసెన్సు 5 ఏళ్లు చెల్లుతుంది. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధన అప్పుడే పోయింది. సర్టిఫికెట్ పేరు చెప్పి బ్రోకరు డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

స్కూలు ఫీజు, ఆర్టీఏ ఫీజు, మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు కాబోయే ఓనరు చేత పెట్టించుకోకండి. "లైసెన్సు నేనే తీయిస్తా, నా దగ్గర చెయ్" అనే మాట ఆ పూటకు ఆదుకున్నట్టే ఉంటుంది. తర్వాత జీతం పెంచమన్నా, వేరే బండికి పోతానన్నా ముందు ఆ బాకీయే అడ్డొస్తుంది.

బండి ఎక్కే రోజుకు సిద్ధంగా ఉండాల్సినవి:

☐ ఇంట్లో కనీసం నెల రోజుల ఖర్చు. మొదటి సెటిల్‌మెంటు ఎప్పుడూ అనుకున్నదానికన్నా ఆలస్యమే అవుతుంది
☐ మీ పేరు మీద రెండు బ్యాంకు ఖాతాలు
☐ లైసెన్సు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు, ఫోన్‌లో వాటి ఫొటోలు
☐ దుప్పటి, టార్చి, వాటర్ క్యాన్, రెండు పెన్నులు, చొక్కా జేబులో పట్టే పొడుగు పుస్తకం

పుస్తకం ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

2. ఓనరుతో ముందే తేల్చుకోవాల్సినవి

కొత్తవాళ్లు "జీతం ఎంత?" అని అడిగి ఆగిపోతారు. అడగాల్సింది అక్కడి నుంచే మొదలవుతుంది.

డ్రైవరుకు డబ్బు నాలుగు పద్ధతుల్లో వస్తుంది: నెల జీతం మీద బత్తా (దారిలో తిండికీ చేతి ఖర్చుకూ ఇచ్చే డబ్బు), ట్రిప్పుకు ఇంత అని, కిలోమీటరుకు ఇంత అని, కిరాయిలో శాతం. కొత్తవాళ్లకు నెల జీతం, బత్తాయే మేలు. ట్రిప్పు లెక్కయితే లోడు దొరకని రోజుల భారం మీ మీద పడుతుంది. కిలోమీటరు లెక్కయితే నిద్ర తగ్గించుకుని తోలాలనిపిస్తుంది. శాతం లెక్కలో అసలు కిరాయి ఎంతో మీకు తెలిసే దారి ఉండాలి, చాలాచోట్ల ఉండదు.

అడిగి రాసుకోవాల్సినవి:

☐ బత్తా రోజుకా, ట్రిప్పుకా? లోడు కోసం ఆగిన రోజులకు ఇస్తారా?
☐ క్లీనరు ఉంటాడా? అతని బత్తా ఎవరిది?
☐ లోడింగ్ మామూలు, అన్‌లోడింగ్ మామూలు (హమాలీలకు చేతికిచ్చేది), పట్టా (సరుకు మీద కప్పే టార్పాలిన్), తాడు కట్టే కూలి ఎవరిస్తారు?
☐ పార్టీ (సరుకు పంపే లేదా దించుకునే వ్యాపారి) దగ్గర హాల్టింగ్ (బండిని ఆపి ఉంచినందుకు ఛార్జీ) వసూలైతే డ్రైవరుకు వాటా ఉందా?
☐ సరుకు తగ్గితే ఎవరు కట్టాలి?
☐ చలానా పడితే ఏది ఎవరిది?
☐ మైలేజీ ఎంత చూపించాలి? లోడు మీద ఎంత, ఖాళీ మీద ఎంత?
☐ జీతం ఏ తారీఖున, బ్యాంకులోనా, చేతికా?

నోటిమాట చాలదు. ఇంటికొచ్చాక వాట్సాప్‌లో ఓనరుకు మెసేజ్ పెట్టండి: "సార్, మీరు చెప్పినట్టు జీతం ఇంత, బత్తా ఇంత, పంచర్లు, మామూళ్లు బండివి, సీటుబెల్టు, ఫోన్ చలానాలు నావి. సోమవారం బండి ఎక్కుతాను." ఆయన "సరే" అంటే అదే మీ కాగితం. మంచి ఓనరు దీనికి ఏమీ అనుకోడు. చిరాకు పడే ఓనరైతే సంగతి ముందే తెలిసినట్టు.

చలానాల్లో పెద్దది ఓవర్‌లోడు. చట్టం ప్రకారం 20,000 రూపాయలు, పైన ఎక్కిన ప్రతి టన్నుకూ మరో 2,000. పది టైర్ల లారీకి బండి బరువుతో కలిపి 28.5 టన్నులు పరిమితి. ఎక్కువ ఎక్కించిన లాభం ఓనరుకూ పార్టీకీ పోతుంది, లైసెన్సు సస్పెండయ్యేది మాత్రం మీది. మూడు నెలలు లైసెన్సు లేకపోతే మూడు నెలలు పని లేనట్టే. జరిమానా ఓనరే కడతానన్నా ఈ నష్టం ఎవరూ పూడ్చరు. అందుకే కాటా చీటీ (బండి తూకం వేసిన కాగితం) చూడకుండా గేటు దాటకండి.

3. రెండు జేబులు, రెండు ఖాతాలు

ట్రిప్పు మొదలయ్యేటప్పుడు ఓనరు అడ్వాన్సు ఇస్తాడు. అది డీజిల్‌కు, దారి ఖర్చులకు ఇచ్చిన డబ్బు. అందులో మీది బత్తా ఒక్కటే.

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయి వచ్చే ట్రిప్పు అనుకుందాం. రానూపోనూ దాదాపు వెయ్యి కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్ల మైలేజీ, లీటరు 96 రూపాయలు, 5 రోజులు అనుకుని ఒక ఊహా లెక్క:

అడ్వాన్సు: 40,000
డీజిల్ 250 లీటర్లు: 24,000
లోడింగ్, అన్‌లోడింగ్ మామూళ్లు: 1,500
కాటా: 300
పంచరు, గాలి: 400
పార్కింగ్: 200
బత్తా రోజుకు 600 చొప్పున: 3,000
మొత్తం ఖర్చు: 29,400
మిగిలింది: 10,600

టోల్ ఓనరు ఫాస్టాగ్‌లో పోతుంది కాబట్టి ఇక్కడ వేయలేదు.

ఈ 10,600 బండి డబ్బు. కానీ నాగ్‌పూర్‌లో ఖాళీ చేసుకుని కూర్చున్నప్పుడు అది మీ జేబులోనే ఉంటుంది. అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, పిల్లాడి ఫీజు కట్టాలని. 5,000 ఫోన్‌పే చేసేస్తారు. ట్రిప్పు దిగాక ఓనరు పుస్తకంలో అది మీ పేరు మీద వాడకంగా ఎక్కుతుంది. నెలలో మూడు ట్రిప్పులు ఇలాగే జరిగితే వాడకం 15,000. జీతం 18,000 అయితే నెలాఖరున చేతికొచ్చేది 3,000. ఆ 3,000తో నెల గడవదు గనుక వచ్చే నెల మొదటి ట్రిప్పులోనే మళ్లీ వాడతారు. ఈ తిరగలిలో పడినవాళ్లు ఏళ్ల తరబడి అదే ఓనరు దగ్గర ఉండిపోతారు. వాళ్లను మోసం చేసినవాళ్లంటూ ఎవరూ ఉండరు. రాసిన లెక్క ప్రకారం బాకీ నిజమే.

చేయాల్సిన పని ఈ వరుసలో:

మొదట, ఒక ఖాతాను బండి ఖాతాగా పెట్టుకోండి. ఓనరు అడ్వాన్సు అందులోనే వేయాలి, డీజిల్, పంచర్లు అందులోంచే కట్టాలి. ఫోన్‌లో యూపీఐ ఈ ఖాతాకే ఉంచండి.

రెండోది ఇంటి ఖాతా. జీతం, బత్తాలో మిగిలింది ఇందులోకి. దీని ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉంచండి. దారిలో ఈ ఖాతా అక్కరలేదు.

తర్వాత, అడ్వాన్సు అందగానే బత్తా లెక్కగట్టి పక్కకు తీయండి. ఐదు రోజుల ట్రిప్పయితే ఐదు రోజులదీ మొదటే. ఏ రోజుది ఆ రోజు తీసుకుందామంటే లెక్క తప్పుతుంది.

చేతినగదు సంచిలో బండిది, చొక్కా జేబులో మీది. సంచిలోంచి టీ కూడా తాగొద్దు.

ఇంట్లో నిజంగానే అత్యవసరం వస్తే? ఓనరుకు ముందే ఫోన్ చేసి, "సార్, నా జీతంలో 5,000 ఈరోజు ఇంటికి వేయండి" అని అడగండి. అప్పుడు అది జీతం మీద తీసుకున్నట్టు తారీఖుతో రాసి ఉంటుంది. అడ్వాన్సులోంచి మీరే తీసి తర్వాత చెబితే, డబ్బు అంతే అయినా పేరు వేరే వస్తుంది.

4. ట్రిప్పు పుస్తకం రాసే తీరు

ఓనరుకు ఇచ్చే ట్రిప్పు షీటు వేరు, ఈ పుస్తకం వేరు. ఇది మీది, ఎవరికీ ఇచ్చేది కాదు. ఒక్కో ట్రిప్పుకు ఒక పేజీ. పైన తారీఖు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం సరుకు, ఎన్ని బస్తాలు లేదా ఎన్ని టన్నులు, బయల్దేరినప్పుడు మీటరు రీడింగు. కింద ఖర్చులు. చివర దిగిన తారీఖు, రీడింగు, మిగిలిన డబ్బు.

ఖర్చు పెట్టిన చోటే రాయాలి. రాత్రి రాద్దామనుకుంటే రాత్రి నిద్రొస్తుంది. రసీదు ఇచ్చే ఖర్చుకు రసీదు తీసుకుని అప్పుడే ఫొటో తీయండి, ఎండకు ఆ కాగితం అక్షరాలు పోతాయి. మామూళ్లకు రసీదు ఉండదు గనుక ఇచ్చిన వెంటనే ఓనరుకు చిన్న మెసేజ్: "అన్‌లోడింగ్ 800 ఇచ్చాను."

సరుకు దగ్గర ఇంకా జాగ్రత్త. 50 కిలోల సిమెంటు బస్తాలు 20 టన్నులంటే 400. ఎక్కించేటప్పుడు మీరు నిలబడి లెక్కపెట్టకపోతే, దించేటప్పుడు 397 వచ్చినా మాట్లాడే హక్కు ఉండదు. బస్తాలు చిరిగితే, తడిస్తే, దించకముందే పార్టీ మనిషిని పిలిచి చూపించి ఫొటో తీయండి. పట్టా చిరుగు ఉంటే బయల్దేరేముందే ఓనరుకు చెప్పి కుట్టించాలి. వానలో మిర్చి లోడు తడిస్తే ఆ బాకీ ఒక జీతంతో తీరేది కాదు.

అన్‌లోడయ్యాక పార్టీ సంతకం, స్టాంపు వేసిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ తీసుకోకుండా బండి తీయొద్దు. మిగతా కిరాయి ఆ కాగితం చూసే వస్తుంది. అది పోతే ఓనరు మీ జీతం ఆపడానికి సాకు దొరికినట్టే. గేటు లోపలికి ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు బయటికొచ్చారు అన్నవి దాని మీదే రాయించుకుంటే హాల్టింగ్ అడగడం తేలిక.

5. డీజిల్

ట్రిప్పు ఖర్చులో సగానికి పైగా డీజిలే. ఓనరు అనుమానం మొదలయ్యేదీ ఇక్కడే.

మైలేజీ తేల్చే పద్ధతి ఒక్కటే: ట్యాంకు నిండా పట్టి బయల్దేరాలి, తిరిగొచ్చాక మళ్లీ నిండా పట్టాలి. రెండోసారి పట్టిన లీటర్లకు దారిలో పోయించినవి కలిపి, తిరిగిన కిలోమీటర్లను ఆ మొత్తంతో భాగించాలి. ముల్లు చూసి చెప్పే మైలేజీ ఎవరినీ ఒప్పించదు. కొత్త బండి ఎక్కాక మొదటి రెండు ట్రిప్పులకు ఓనరు ఎదుటే ఇలా తేల్చుకోండి. పాత డ్రైవరు చెప్పిన మైలేజీ మీ నెత్తిన పడకుండా ఉంటుంది.

☐ పంపు దగ్గర దిగి సున్నా చూడాలి, క్యాబిన్‌లోంచి కాదు
☐ బిల్లు మీద బండి నంబరు ఉండాలి
☐ కొలత మీద అనుమానం వస్తే 5 లీటర్ల ముద్ర కొలత అడగండి, ప్రతి బంకులోనూ ఉండాల్సిందే
☐ ఏ రాష్ట్రంలో పోయించాలో బయల్దేరేముందే ఓనరుతో అనుకోండి. ఆంధ్రలోకన్నా కర్ణాటకలో డీజిల్ చవక, బెంగళూరు వైపు పోయేవాళ్లకు ఇది పెద్ద తేడా
☐ వారానికోసారి గాలి చూడండి, గాలి తక్కువైతే డీజిలూ టైరూ రెండూ పోతాయి

దారిలో డీజిల్ కొనేవాళ్లు కనిపిస్తారు. పది లీటర్లు తీసి అమ్మితే బంకు ధరలో సగానికి కాస్త పైగా ఇస్తారు. "అందరూ చేసేదే" అని సీనియర్లు కూడా అంటారు. ఇప్పుడు చాలా బండ్లకు జీపీఎస్, ట్యాంకు సెన్సరు ఉన్నాయి. ఒక్కసారి దొరికితే ఆ ఊరి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులన్నిటికీ మీ పేరు చేరిపోతుంది. నీతి సంగతి పక్కనపెట్టినా, లెక్కగా కూడా ఇది నష్టబేరమే.

ఫాస్టాగ్ బ్యాలెన్స్ ట్రిప్పుకు ముందు అడిగి చూసుకోండి. ట్యాగ్ పనిచేయక యూపీఐతో కడితే టోల్ ఒకటింపావు వంతు. ఆ తేడా ఎవరిదన్న గొడవ టోల్ గేటు దగ్గర తేలదు.

6. బత్తాలో మిగుల్చుకోవడం

మూడు పూటలా ధాబాలో తింటే బత్తా మిగలదు. చిన్న గ్యాస్ స్టవ్వు, బియ్యం, కందిపప్పు, పచ్చళ్లు, ఉల్లిపాయలు బండిలో ఉంటే పగలు వండుకుని రాత్రి ఒక్కపూట బయట తినొచ్చు. బండి దిగి, ఆరుబయట ఈదురుగాలి తగలని చోట వండండి. క్యాబిన్ లోపల వద్దు. ఆయిల్ ట్యాంకరు మీద పనిచేసేవాళ్లు అసలు స్టవ్వే పెట్టుకోకూడదు.

పేరు చెప్పుకోని ఖర్చులు మూడు: టీ, సిగరెట్టు, గుట్కా. వీటిని కూడా పుస్తకంలో రాయండి. మానేయమని చెప్పడం లేదు, రాయమంటున్నాను. నెల చివర కూడి చూసుకుంటే మీకే తెలుస్తుంది.

లోడు కోసం రెండు రోజులు పార్కింగ్‌లో పడి ఉన్నప్పుడు ఫోన్‌లో రమ్మీ మొదలవుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. యూపీఐ బండి ఖాతాకు ముడిపడి ఉంటుంది కాబట్టి ఈ ఆటలో పోయేది ఓనరు డబ్బు. ఇంతకన్నా తొందరగా ఉద్యోగం పోయే దారి లేదు.

7. జీతం వచ్చాక

జీతం ఓనరు దగ్గరే దాచుకునే అలవాటు చాలామందికి ఉంది. "ఆయన దగ్గర ఉంటే ఖర్చు కాదు, పండక్కి ఒకేసారి తీసుకుంటా" అంటారు. వద్దు. ప్రతి నెలా లెక్క తేల్చి బ్యాంకులో వేయించుకోండి. ఆ బ్యాంకు ఎంట్రీలే రేపు లోనుకు పనికొస్తాయి, ప్రమాదం జరిగితే మీరు ఆ బండి డ్రైవరేనని రుజువుగానూ నిలుస్తాయి.

ఖర్చుల ప్లాను మంచి నెల చూసి వేయకండి. గుంటూరు మిర్చి యార్డు జోరుగా ఉన్న వేసవిలో ట్రిప్పు మీద ట్రిప్పు ఉంటుంది. వానాకాలంలో ఇసుక ఆగుతుంది, సిమెంటు తగ్గుతుంది. జీతం అంతే ఉన్నా బత్తా పడిపోతుంది, కొందరు ఓనర్లు జీతం కూడా సగం చేస్తారు. కాబట్టి తక్కువ వచ్చే నెల ఎంతో, ఇంటి ఖర్చు అంతలో ఉండాలి. పైన వచ్చినది మొదట "బండి ఆగిన రోజుల" డబ్బుగా ఆర్‌డీలోకి (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్లాలి. రెండు నెలల ఇంటి ఖర్చు జమ అయ్యేదాకా ఫోన్ మార్చొద్దు, బైకు ఈఎంఐ పెట్టొద్దు.

అప్పు తప్పనిసరైతే వరుస ఇది: ముందు ఇంట్లో ఆవిడకు డ్వాక్రా సంఘం ఉంటే అందులో, తర్వాత బ్యాంకులో బంగారం మీద, ఆ తర్వాతే మిగతావి. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. వినడానికి మూడే. చీటీ వేసేముందు అది రిజిస్టరైన కంపెనీదా, నోటిమాట చీటీయా చూడండి. మీరు రోడ్డు మీద ఉంటారు, చీటీవాడు ఊరు వదిలిపోతే నాలుగు రోజులు ఆలస్యంగా తెలుస్తుంది.

8. బీమా: ఏడాదికి 456 రూపాయలు

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి బీమాకు 436, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. మొదటిదానికి వయసు 18 నుంచి 70, రెండోదానికి చేరడానికి 18 నుంచి 50. రెండూ బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి.

చిక్కు ఎక్కడంటే, పాలసీ ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరున ఖాతాలో 456 లేకపోతే ప్రీమియం కట్ కాదు, పాలసీ ఆగిపోతుంది. ఆ సమయంలో మీరు ఏ నాసిక్‌లోనో ఉంటారు. ఇంటి ఖాతాలో ఈ మొత్తాన్ని ముట్టుకోని డబ్బుగా ఉంచండి, నామినీ పేరు ఒకసారి బ్యాంకులో చూసుకోండి. పీఎఫ్ లేనివాళ్లు ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చేది) కూడా తీసుకోవాలి.

బండి బీమా కాగితం ఓనరును అడిగి చూడండి. డ్రైవరు, క్లీనరు పేరు మీద ప్రీమియం కట్టిన గీత ఉందా లేదా అన్నదే చూడాల్సింది.

9. తరచూ వచ్చే చిక్కులు, ఏం చేయాలి

వాడకం ఇప్పటికే జీతం దాటిపోయింది: ఓనరుతో కూర్చుని మొత్తం ఎంతో తేల్చి, నెలకు జీతంలో మూడో వంతుకు మించకుండా కోతకు ఒప్పించండి. తీరేదాకా కొత్త వాడకం లేదని మీరే చెప్పండి.

మైలేజీ తగ్గిందని జీతంలో కోస్తున్నారు: వెంటనే ట్యాంకు ఫుల్ పద్ధతిలో ఒక ట్రిప్పు తేల్చండి. ఇంజెక్టరు, ఫిల్టరు, ఎదురుగాలి, ఘాటు రోడ్డు, ట్రాఫిక్ అన్నీ పుస్తకంలో రాసి ఉంటే మాట్లాడొచ్చు.

ఎప్పుడో పడిన చలానా ఇప్పుడు చూపించి మీదంటున్నారు: పరివాహన్ ఈ-చలానా సైటులో బండి నంబరు కొడితే తారీఖు, టైము, చాలాసార్లు ఫొటో కూడా వస్తాయి. ఆ రోజు బండి మీద మీరు ఉన్నారో లేదో పుస్తకం చెబుతుంది.

బండి మారుతున్నారు: దిగే రోజే లెక్క ముగించండి. స్టెప్నీ, జాకీ, పట్టా, తాళ్లు, పానాలు లెక్కపెట్టి అప్పగించి వీడియో తీయండి. "లెక్క మొత్తం క్లియర్, ఇద్దరికీ బాకీ లేదు" అన్న మెసేజ్ ఓనరు నుంచి తీసుకోండి.

ఏడాదికే పాత లారీ కొనమని ఎవరో అంటున్నారు: ఫైనాన్స్ ఈఎంఐ ఒక్కటే చూసి ఒప్పుకోకండి. టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, క్వార్టర్లీ ట్యాక్సు, లోడు లేని నెల, కిరాయి బాకీ పెట్టే పార్టీ కూడా లెక్కలోకి రావాలి. మీ ట్రిప్పు పుస్తకాల్లో ఏడాది ఖర్చులు ఉన్నాయి కాబట్టి, ఓనరు కిరాయిలు కనుక్కుని వాటి పక్కన వేసి చూడండి. అందులో ఈఎంఐ పోను మీ జీతమంత కూడా మిగలకపోతే ఇంకో రెండేళ్లు ఓనరు బండే నడపండి.